ఓదార్చేవాళ్లకు ఓదార్పేదీ?

మున్నేరు పొంగిందంటే నందిగామ దగ్గర దారి మూసుకుపోయినట్టే. 2023 జులైలో, మళ్లీ 2024 సెప్టెంబరు 1న ఐతవరం వద్ద జాతీయ రహదారి మీదికి వరద నీళ్లొచ్చాయి. హైదరాబాద్, విజయవాడల మధ్య వాహనాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. 2020 మార్చి లాక్‌డౌన్‌లో జగ్గయ్యపేట పక్కనున్న గరికపాడు చెక్‌పోస్టు దగ్గరా ఇంతే. సొంతూళ్లకు బయల్దేరిన జనం రోడ్డు మీదే నిలిచిపోయారు.

ఇలాంటప్పుడు పిల్లల సంగతి చూసేదెవరు? అంగన్‌వాడీ టీచరు, ఐసీడీఎస్ సూపర్‌వైజరు, జిల్లా బాలల సంరక్షణ సిబ్బంది, 1098కి ఫోనొస్తే పరుగెత్తేవాళ్లు. దిక్కులేని బిడ్డ కనిపిస్తే 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లాలంటుంది 2015 నాటి బాలల న్యాయ చట్టం. ప్రయాణానికి పట్టే సమయాన్ని మాత్రం ఆ లెక్కలోంచి తీసేసింది. మరి ఆ ప్రయాణంలో పడే ఆరాటాన్ని?

వరద వాళ్ల ఇంట్లోకీ వస్తుంది. వాళ్లకీ చంటిపిల్లలుంటారు. పగలంతా ఇతరుల గోడు విని ఇల్లు చేరినా ఆ మాటలు చెవుల్లోంచి పోవు. నిద్ర పట్టదు, చిన్నదానికే విసుగొస్తుంది, ఏం చేసినా తక్కువేననిపిస్తుంది. ఇది చేతకానితనం కాదు, మోయాల్సినదానికంటే ఎక్కువ మోసిన అలసట!

ఆపదలో సాయానికి వెళ్లేవాళ్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఓ చిన్న పుస్తకం తెచ్చింది. అందులో సాయం చేసేవాళ్ల బాగోగులకూ చోటిచ్చింది. దాని సారం ఇదీ:

* పని పంచుకోండి. వంతులవారీగా చేయండి. వేళకు తినండి, కాస్తయినా నిద్రపోండి.
* తోటి ఉద్యోగిని రోజూ ఓసారి 'ఎలా ఉన్నావు?' అని అడగండి.
* అందరి కష్టాలూ మీరొక్కరే తీర్చలేరు. చేయగలిగింది చేశామనుకోండి.
* దిగులు, నిద్రలేమి నెల దాటినా తగ్గకపోతే డాక్టరును కలవండి.

అయితే వంతులు వేయాల్సింది పైఅధికారులు. ఒక్కరే మూడు ఊళ్లు తిరుగుతుంటే 'విశ్రాంతి తీసుకోండమ్మా' అనడం ఉత్త మాటే అవుతుంది. 'ధైర్యంగా ఉండండి' అనడం తేలిక, మర్నాడు సెలవివ్వడమే అసలు సాయం.

ఇంట్లోవాళ్లూ చేయగలిగింది ఉంది. అలసి వచ్చిన మనిషిని గుమ్మంలోనే ఆరా తీయకండి. వేడిగా ఇంత అన్నం పెట్టండి. ఆమె చెబితే వినండి, చెప్పకపోతే వదిలేయండి. ఆ పూటకు ఇంటిపని మీరే అందుకోండి. మనసు మరీ బరువైతే 14416కి ఫోన్ చేయొచ్చు. అది 2022లో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ నెంబరు, డబ్బులేమీ కట్టక్కర్లేదు.

వరద తీశాక రోడ్డు బాగుపడిందా అని అందరం అడుగుతాం. ఈసారి మీ వీధి అంగన్‌వాడీ టీచరును 'మీరెలా ఉన్నారమ్మా?' అని కూడా అడగండి.