చెయ్యి తిరిగేది ఎవరి మీద?

వెయ్యిమందిని చంపితే గాని అరవైద్యుడు కాడని మనవాళ్లు ఎద్దేవా చేశారు. ఆ నవ్వులో ఒక చిక్కు ప్రశ్న వున్నది. సూది వెయ్యడం సూది వేస్తేనే వస్తుంది. అలాగని మొట్టమొదటి సూదికి చెయ్యి చాపవలసిన రోగి ఎవరు? మీరా, నేనా? కాదనే నోరులేని పేదవాడే కదా!

యీ ప్రశ్నకు జవాబు చెప్పింది ఒక బొమ్మలావిడ. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సుల బడికి 1911లో మార్తా చేజ్ అనే ఆమె ఒక నిలువెత్తు బొమ్మను చేసి యిచ్చింది. అంతకుముందు ఆమెకు పేరు తెచ్చినవి పిల్లలు ఆడుకునే గుడ్డబొమ్మలు. మోచేతులు, మోకాళ్లు వంగే ఆ బొమ్మకు 'మిసెస్ చేజ్' అనే పేరు స్థిరపడింది. పక్క మార్చడం, దుస్తులు తొడగడం ఆమె మీదే నేర్చుకునేవారు. 1914లో వచ్చిన మేలురకం బొమ్మకు సూది గుచ్చే చోటు కూడా అమర్చారు. 1960లో నార్వేలో మరో బొమ్మల వ్యాపారి, ఆస్మండ్ లేర్డల్, ఆగిన ఊపిరిని నిలబెట్టడం నేర్పే 'ఆన్' బొమ్మను తయారుచేశాడు.

నేటి బొమ్మలకు నాడి కొట్టుకుంటుంది, రొమ్ము ఎగసిపడుతుంది. పక్కగదిలోని పంతులమ్మ మీట నొక్కితే రక్తపుపోటు దిగిపోతుంది. విద్యార్థినులు ఏం చేస్తారో ఆమె చూస్తుంది. తరువాత అందర్నీ కూర్చోబెట్టి, "అప్పుడు నీకేం తోచింది? యెందుకలా చేశావు?" అని అడుగుతుంది. అసలు పాఠం అక్కడే వున్నది. తప్పు చేసినా ప్రాణం పోదు. మళ్లీ మొదటినుంచి చెయ్యవచ్చు.

అమెరికాలో నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి 10 విద్యాలయాల్లో జరిపిన పరిశీలన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. ఆసుపత్రి సాధన గంటల్లో సగందాకా యిలాంటి అభ్యాసానికి కేటాయించినా చదువులోగాని, ఉద్యోగంలో చేరిన తొలి 6 నెలల్లోగాని లోటు కనబడలేదు. అయితే తర్ఫీదు పొందిన గురువులు, తీరిగ్గా చర్చ వుండాలన్నది షరతు. బొమ్మను తనిఖీనాడు తుడిచి, మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేస్తే, ఆ సూది తిరిగి పేదరోగి దగ్గరికే వస్తుంది.

బొమ్మకు లేనివి రెండు వున్నాయి: సిగ్గు, భయం. వాటిని తెలుసుకోవడానికి విద్యార్థినులే వంతులవారీగా మంచమెక్కితే సరి. చేతులు కదపకుండా కూర్చుని, మరొకరు చెంచాతో పోసే జావ తాగి చూస్తే, నర్సు తొందరపడితే రోగికెలా వుంటుందో గొంతుకే తెలిసిపోతుంది.

మీ యింటి అమ్మాయి నర్సింగ్ చదువులో చేరుతున్నదా? కళాశాల మేడలు చూసి మురిసిపోకండి. బొమ్మలగది తాళం యెవరి దగ్గర వుంటుందో, వారానికి యెన్నిసార్లు తీస్తారో అడిగి రండి.