మీటరు మీద ఒక్క అంకె చూసి తీర్పు చెప్పొద్దు



ఇంట్లో వాడే చిన్న రేడియేషన్ మీటర్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. సైన్స్ ప్రాజెక్టు కోసం పిల్లలు అడుగుతారు, మనం కొనిస్తాం. ఒకరోజు అది ఉన్నట్టుండి పెద్ద అంకె చూపిస్తుంది. నందికొండలో ఉన్నవాళ్లకు వెంటనే గుర్తొచ్చేది పెద్దగట్టు, లంబాపూర్ యురేనియమే. 2003లో గని కోసం జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ, అప్పటి ఆందోళనలు మనలో చాలామందికి తెలుసు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అయినా ఆ అంకెను ఫొటో తీసి క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టే ముందు, పిల్లలతో కలిసి ఒక గంట కేటాయించండి.

మొదట, ఆ అంకె ఎప్పుడూ నిలకడగా ఉండదు. నిమిషానికి సగటున 20 క్లిక్కులు వచ్చే చోట ఒక నిమిషం 12, మరో నిమిషం 28 రావడం మామూలే. అందుకే పది నిమిషాలు లెక్కించి సగటు తీయాలి.

రెండోది, మనది గ్రానైట్ నేల. ఈ రాయిలో యురేనియం, థోరియం, పొటాషియం సహజంగానే కొద్దికొద్దిగా ఉంటాయి. గంటకు 0.2, 0.3 మైక్రోసీవర్ట్‌లు కనిపిస్తే అది వింత కాదు. మీటరును వంటగట్టు మీద ఆనించి పెడితే అంకె ఇంకా పెరుగుతుంది. నేలకు మీటరు ఎత్తున, గోడలకు దూరంగా పట్టుకొని చూడండి.

మూడోది, కారణం వెతకండి. వాన మొదలైనప్పుడు గాలిలోని రాడాన్ తాలూకు కణాలు నేలకు దిగి అంకె పెరుగుతుంది, రెండు మూడు గంటల్లో తగ్గిపోతుంది. పక్కన పొటాష్ ఎరువు బస్తా ఉన్నా, పాత పెట్రోమాక్స్ లైటు మాంటిల్ ఉన్నా మీటరు స్పందిస్తుంది. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్‌కు అయోడిన్ చికిత్స జరిగితే కొన్ని రోజులు అంతే.

ఇన్ని చూశాక కూడా అంకె మామూలు కన్నా పదింతలు ఉండి, తగ్గకుండా, ఒకే వస్తువు దగ్గర పెరుగుతుంటే తేలిగ్గా తీసుకోవద్దు. ముఖ్యంగా ఏమిటో తెలియని బరువైన లోహపు ముక్క అయితే ముట్టుకోకండి, పిల్లలను దూరం జరిపి 112కు ఫోన్ చేయండి. 2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము మార్కెట్‌కు చేరిన కోబాల్ట్-60 వల్ల ఒకరు చనిపోయారు.

నాకు ఎక్కువ దిగులు కలిగించేది మరొకటి ఉంది. మీటరు మామూలు అంకె చూపించిందని బోరు నీళ్లు మంచివనుకోవడం. నీటిలో కరిగిన యురేనియం ఎక్కువగా ఆల్ఫా కణాలనే వదులుతుంది. వాటిని నీరే ఆపేస్తుంది, గ్లాసు పక్కన పెట్టిన మీటరుకు అవి అందవు. పైగా ఆ నీళ్లు తాగితే మొదట దెబ్బతినేది మూత్రపిండాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు. అది ల్యాబ్ పరీక్షలోనే తేలుతుంది. ఫ్లోరైడ్‌తో ఇన్నేళ్లు బాధపడ్డ నల్లగొండ జిల్లాకు ఈ సంగతి కొత్తగా చెప్పాలా? కంటికి, నాలుకకు తెలియనిది నీళ్లలో ఉండొచ్చని మనకన్నా బాగా ఎవరికి తెలుసు? మీ ఇంట్లో తాగేది బోరు నీళ్లయితే, మీటరుకు పెట్టే డబ్బు ముందు నీటి పరీక్షకు పెట్టండి.

"ఏం కాదులే, పోయి చదువుకో" అని పిల్లల నోరు మూయించకండి. "అయ్యో" అని వాళ్ల ముందు బెంబేలెత్తకండి. ఒక నోటుబుక్కు ఇచ్చి తేదీ, సమయం, చోటు, వాన పడిందా లేదా, పది నిమిషాల సగటు ఎంత అని నెలరోజులు రాయించండి. తమ ఇంటి మామూలు అంకె ఎంతో తెలిసిన పిల్లలు పుకారుకు లొంగరు. రేపు నిజంగా తేడా వస్తే అందరికన్నా ముందు పట్టుకునేదీ వాళ్లే.