తెరమీది మనిషి – పనిలోని మనిషి

మనిషి పనిముట్టును సృష్టించాడు. కాని తగిన కొలతలు లేని పనిముట్టు తిరిగి ఆ మనిషినే బాధిస్తుంది. ఎత్తు చాలని బల్ల ముందు నడుము వంగిపోతుంది. చేతికందని మీట కోసం భుజం లాగేస్తుంది. పనిని మనిషికి అనుకూలంగా మలచాలేగాని, మనిషిని పనికోసం వంచరాదన్నది ఎర్గొనామిక్స్ అనే శాస్త్రానికి మూలసూత్రం. గ్రీకు భాషలో ‘ఎర్గాన్’ అంటే పని, ‘నోమోస్’ అంటే నియమం.

ఈ శాస్త్రానికి నేడు కంప్యూటర్ తోడైంది. యంత్రం తయారుకాక మునుపే దాని రూపాన్ని తెరపై నిర్మించి, దాని ముందు ఒక డిజిటల్ మానవ నమూనాను నిలుపుతున్నారు. 1980వ దశకంలో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో నార్మన్ బాడ్లర్ బృందం రూపొందించిన ‘జాక్’, జర్మనీలో కార్ల పరిశ్రమ కోసం రూపొందిన ‘రామ్‌సిస్’ ఇటువంటివే. నమూనా పాదాలను నేలపై స్థిరపరచి, అరచేతిని పిడిపై ఉంచమని ఆదేశిస్తే, మోచేయి, భుజం, వెన్ను ఏ కోణాలలో వంగాలో సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. లోపం ఉన్నచో అక్కడే సరిదిద్దవచ్చు. ఇనుముతో పోతపోసిన తరువాత మార్చడం కష్టం, ఖర్చు కూడా. ఈ ప్రయోజనం కాదనలేనిది.

అయితే చేయి అందినంత మాత్రాన పని సుఖంగా సాగుతుందని భావించరాదు. ఒకే పిడిని ఎన్నో భంగిమలలో పట్టుకోవచ్చు. వాటిలో ఒకదానిని సాఫ్ట్‌వేర్ గణితం ప్రకారం ఎంచుకుంటుంది. శ్రామికుడు మాత్రం వస్తువు బరువును, దాని జారుడుతనాన్ని, తన అలసటను బట్టి ఎంచుకుంటాడు. తెరమీది భంగిమ ఒక్క క్షణానిది. కార్మికుడు దానిని రోజుకు వందలసార్లు చేయవలసి రావచ్చు. భంగిమలోని ప్రమాదాన్ని అంచనా వేయడానికి 1993లో వెలువడిన ‘రూలా’ పద్ధతి మెడ, నడుము, చేతుల వంపుతోపాటు బరువును, పని ఎన్నిసార్లు జరుగుతుందన్న విషయాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. ఆ వివరాలను నిజాయితీగా అందించవలసిన బాధ్యత రూపకర్తదే.

అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. తెరపై నిలిపిన ఆ శరీరం ఎవరిది? అమెరికా వైమానిక దళానికి చెందిన 4,063 మంది పైలట్ల కొలతలను గిల్బర్ట్ డేనియల్స్ పరిశీలించి, 1952లో నివేదిక సమర్పించాడు. పది కొలతలలోనూ సగటు పరిధిలో ఉన్నవాడు వారిలో ఒక్కడూ లేడు! సగటు మనిషి కోసం చేసిన వస్తువు ఎవరికీ పూర్తిగా సరిపోదని దీనివలన తెలుస్తున్నది. కనుక మీట అందుతుందా అని పొట్టి స్త్రీ నమూనాతోను, చోటు చాలుతుందా అని భారీ పురుషుని నమూనాతోను పరీక్షించాలి. పరదేశీయుల కొలతలు మన శ్రామికులకు అన్నివేళలా సరిపోవు. అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ 1997లో దేవకుమార్ చక్రవర్తి గ్రంథం ద్వారా భారతీయుల శరీర కొలతలను వెలువరించడం ఈ కారణం వలన ఎంతో విలువైనది.

డిజిటల్ నమూనా మంచి సహాయకుడే. కాని దానికి నొప్పి తెలియదు. తెరపై పరీక్ష ముగిసిన తరువాత, ఆ యంత్రం ముందు నిలబడే మనిషిని కూడా అడిగి తెలుసుకోవాలి. రేపటి ఇంజనీర్లు కానున్న యువతీయువకులు ఈ అలవాటును నేటినుండే పెంపొందించుకోవాలి. శ్రామికుని నడుము నిటారుగా నిలిచినప్పుడే సాంకేతిక విజ్ఞానం సార్థకమవుతుంది.