షిప్పెక్కింది కూర్చోడానికేనా?

అలాస్కా క్రూజుకి వెళ్ళొచ్చామని చెప్పగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "వెజిటేరియన్ దొరికిందా?". రెండోది "రూముకి బాల్కనీ ఉందా?". అక్కడ ఏం చేశారని అడిగినవాళ్ళు ఇప్పటిదాకా ఒక్కరూ లేరు. వాళ్ళననడానికేముంది, నేనూ క్రూజంటే కదిలే హోటలనే అనుకుని బుక్ చేశాను. అమ్మానాన్నగార్లు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. నాన్నగారికి అరవయ్యెనిమిది. ఎక్కువ నడవక్కర్లేదు, కుర్చీలో కూర్చుని మంచుకొండలు చూడొచ్చు. ఇదీ నా లెక్క.

సియాటిల్లో ఎక్కాం, ఏడు రాత్రులు. (పేరెంట్స్‌ని తీసుకెళ్ళేవాళ్ళకి ఓ మాట: 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. దానివల్ల విదేశీ జెండా ఉన్న షిప్పులు దారిలో ఏదో ఒక పరాయిదేశపు రేవులో ఆగాలి. సియాటిల్ నుంచి వెళ్ళేవి మామూలుగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. కాబట్టి మనవాళ్ళకి కెనడా వీసా కూడా ముందే తీసుకోవాలి.)

మొదటి రెండ్రోజులు నా దినచర్య బఫే, నిద్ర, మళ్ళీ బఫే. సుగర్ బోర్డర్లో ఉందని డాక్టరు చెప్పి ఆర్నెల్లయింది. అయినా రెండంతస్తులు ఎక్కడానికి కూడా లిఫ్టే. నాన్నగారు మాత్రం పొద్దున్న ఐదింటికే డెక్కు మీద రౌండ్లు కొట్టేవారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇరిగేషన్లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా కాలవ గట్ల మీద తిరిగిన మనిషి. ఆ సంగతి నాకు తెలుసు, గుర్తులేదంతే.

జునో ఊళ్ళో గుర్తొచ్చింది. బయటి నుంచి రోడ్డు లేని రాష్ట్ర రాజధాని అది, ఓడలోనో విమానంలోనో వెళ్ళాల్సిందే. అక్కడ మెండెన్‌హాల్ గ్లేసియర్ ఎదుట నగ్గెట్ జలపాతం దాకా కాలిబాట ఉంది, రానూపోనూ రెండు మైళ్ళు. ఆ గ్లేసియర్ ఏటేటా వెనక్కి తగ్గుతోంది. దాని ముందున్న సరస్సు దాదాపు గత వందేళ్ళలో ఏర్పడిందే. నాన్నగారు ముందు, నేను వెనక. ఫోటో వంకతో మూడుసార్లు ఆగాను. నిజానికి ఆయాసం.

అసలు విషయం కెచికాన్‌లో జరిగింది. ఏడాదికి 140 అంగుళాలకు పైగా వాన కురిసే ఊరది. ఆ రోజు తుంపర మాత్రమే. రేవు దగ్గర కయాకులు చూసి నాన్నగారు "ఒరే, నేనెక్కుతాను" అన్నారు.

"ఈ వయసులో ఎందుకండీ, నీళ్ళు చల్లగా ఉంటాయి."

"ఈత రానిది నీకా, నాకా?"

దెబ్బకి నోరు మూతపడింది. నేను భయపడుతున్నది నా గురించే. దాన్ని ఆయన వయసు మీదకి తోసేశాను. అమ్మ మోకాళ్ళ నొప్పులని రానంది, మా ఆవిడతో ఊరు చూడ్డానికి వెళ్ళింది. అమ్మ వద్దంటే వెంటనే ఒప్పుకున్నవాడిని, నాన్నగారు కావాలంటే ఎందుకు ఒప్పుకోలేదు?

ఇద్దరం ఎక్కాం. ఇద్దరు కూర్చునే కయాకులో దారి మళ్ళించే పని వెనకున్నవాళ్ళది. అది ఆయన తీసుకున్నారు. పావుగంట నేను బిగుసుకుపోయి కూర్చున్నాను. తర్వాత ఆయన తెడ్డు చప్పుడుకి నా తెడ్డు కలిసింది. ఓ సీల్ తల పైకెత్తి మమ్మల్ని చూసి మునిగిపోయింది. రెండు గంటల్లో ఆయన మాట్లాడింది ఒక్కటే: "భుజాలతో కాదురా, నడుం తిప్పు."

నేను చెప్పొచ్చేదేమిటంటే, పెద్దవాళ్ళని ఇక్కడికి తెచ్చి సోఫాలో కూర్చోబెట్టి దానికి జాగ్రత్త అని పేరు పెడుతున్నాం. మనం కూడా అదే సోఫాలో కూర్చుంటున్నాం. అందర్నీ కయాకెక్కించమని కాదు. రిస్కు లేదనీ కాదు. అలాస్కా నీళ్ళలో పడితే ఈత వచ్చినవాళ్ళకి కూడా ఆ చలికి ఊపిరి అందదు, లైఫ్ జాకెట్, గైడు తప్పనిసరి. విజిటర్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి పాత జబ్బులు, సాహసక్రీడలు వర్తించవు, ముందే చదువుకోండి. డాక్టర్ని అడగండి. ఖర్చంటారా, జునోలో మేం నడిచిన బాటకి ఓ బస్సు టికెట్టు చాలు. కాకపోతే సొంతంగా తిరిగేవాళ్ళు టైముకి రావాలి, షిప్పు మనకోసం ఆగదు.

భుజాలు రెండ్రోజులు నొప్పెట్టాయి. నాకే, ఆయనకి కాదు. మిగిలిన రోజులు నేనూ మెట్లే ఎక్కాను.

వచ్చే వేసవికి అమ్మానాన్నల్ని తెస్తున్నవాళ్ళు టికెట్లు కొనేముందు వాళ్ళనొక్క మాట అడగండి: "మీకేం చెయ్యాలనుంది?" నేను అడగలేదు. ఆయనే చెప్పారు కాబట్టి సరిపోయింది.