నలుగురు కూడి మాట్లాడితే

సాయంకాలం పనులు ముగిశాక నలుగురూ ఒకచోట చేరి కష్టసుఖాలు చెప్పుకోవడం మన పల్లెల్లో తరతరాల అలవాటు. తెలుగు నాట ఆ చోటును రచ్చబండ అంటారు. కన్నడ నాట కట్టె అంటారు. రాయచూరు జిల్లాలో కన్నడం, తెలుగు, ఉర్దూ మాట్లాడేవారు పక్కపక్కనే జీవిస్తున్నారు. మల్లట్ వంటి ఊరిలో ఎవరి ఇంటి భాష ఏదైనా, తాగే నీరు, నడిచే బాట, వెలగని వీధిదీపం అందరికీ ఉమ్మడి విషయాలే.

“మాటలు కోటలు దాటుతాయి, చేతలు గడప దాటవు” అని సామెత. అందువల్ల కొందరు ఇటువంటి ముచ్చట్లను వట్టి కాలక్షేపమని తీసిపారేస్తారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. అయితే చేతలు గడప దాటాలంటే ముందుగా నలుగురూ కలిసి మాట్లాడుకోవలసిందే. ఈ సంగతిని నెల్లూరు జిల్లా స్త్రీలు రుజువు చేశారు.

ఆ జిల్లాలో 1991లో అక్షరాస్యతా ఉద్యమం సాగింది. పగలంతా కూలి పని చేసిన స్త్రీలు రాత్రి బడులకు వచ్చి అక్షరాలు దిద్దారు. వారి వాచకంలో సారా వల్ల కలిగే కష్టాలను చెప్పే ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉండేది. దూబగుంట గ్రామ స్త్రీలు ఆ పాఠం చదివి ఊరుకోలేదు. అది తమ ఇళ్ళలో జరుగుతున్న కథేనని గుర్తించారు. అంతవరకు ఎవరి ఇంట్లో వారు దాచుకొన్న బాధ, నలుగురిలో చెప్పుకొనేసరికి ఊరి సమస్య అయింది. రోసమ్మ వంటివారు ముందు నడవగా ఊరిలో సారా దుకాణం మూయించారు. ఆ విజయగాథ మరొక వాచకంలో పాఠమై ఇతర గ్రామాలకు చేరింది. 1992లో స్త్రీలు సారా వేలంపాటలను అడ్డుకొన్నారు. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమలులోకి వచ్చింది.

1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది. కాని స్త్రీల మధ్య ఏర్పడిన కలయిక చెదరిపోలేదు. ఆ జిల్లాలోనే రోజుకు ఒక్కొక్క రూపాయి దాచుకొనే ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు వెలిశాయి. కలిసి మాట్లాడుకొన్నవారికి ఒకరిపై ఒకరికి నమ్మకం కుదురుతుంది. నమ్మకం ఉన్నచోటే రూపాయికి రూపాయి తోడవుతుంది.

ఇది మన దేశానికే పరిమితమైన అనుభవం కాదు. ఇటలీలో 1970లో ప్రాంతీయ ప్రభుత్వాలు ఏర్పడ్డాయి. వాటి పనితీరును రెండు దశాబ్దాలు పరిశీలించిన అమెరికా పండితుడు రాబర్ట్ పుట్నం 1993లో తన గ్రంథాన్ని ప్రకటించాడు. ప్రజలు పాటల బృందాలుగా, ఆటల సంఘాలుగా, సహకార సంఘాలుగా కలిసి మెలిగే ప్రాంతాలలో ప్రభుత్వం కూడా చక్కగా పనిచేస్తుందని ఆయన తేల్చాడు.

అయితే పాత రచ్చబండను పొగిడి ఊరుకోవడం న్యాయం కాదు. అక్కడ పెద్దలు కూర్చొని తీర్పు చెబితే, దళితులు దూరాన నిలబడేవారు. స్త్రీలకు అక్కడ మాటే లేదు. అందరి పేరిట కొందరే మాట్లాడితే అది చర్చ కాదు, పెత్తనం. నిజమైన చర్చకు రెండు లక్షణాలు ఉండాలి. మొదటిది, ఊరిలో ఎవరి గొంతు వినబడదో వారికి ముందుగా మాట్లాడే అవకాశం ఇవ్వాలి. రెండవది, లేచిపోయే ముందు ఏ పని ఎవరు చేయాలో నిర్ణయించుకోవాలి. పంచాయతీకి అర్జీ తీసుకొనిపోయినవారు, తిరిగి వచ్చి ఏమైందో అందరికీ చెప్పాలి.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. కర్ణాటక పంచాయతీరాజ్ చట్టం కూడా ఆ ఏడాదిదే. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభలో సభ్యులే. 2010లో కర్ణాటక పంచాయతీ స్థానాలలో సగం స్త్రీలకు కేటాయించింది. ఇవి గొప్ప హక్కులు. కాని తమలో తాము ముందుగా మాట్లాడుకోకుండా సభకు వెళ్ళినవారు, రిజిస్టరులో సంతకం చేసి తిరిగి వస్తారు. వాడలో కూర్చొని చర్చించుకొని వెళ్ళినవారు, బోరు ఎక్కడ వేయాలో, ఏ వీధికి మురుగుకాలువ ముందు కావాలో నిలబడి అడుగుతారు.

చర్చ పెడితే తగాదాలు వస్తాయని భయపడేవారు ఉన్నారు. తగాదా మాట వల్ల రాదు, లోలోపల దాచుకొన్న అనుమానం వల్ల వస్తుంది. ఒక వాడవారు తమకు నీరు రాలేదన్నప్పుడు, పై వాడవారు విని, కుళాయి వదిలే వేళలు మార్చుకోవడానికి ఒప్పుకొంటే తగాదా అక్కడే తీరుతుంది. ‘నలుగురితో నారాయణ’ అనడమే కలయిక కాదు. నలుగురూ ఔనన్నప్పుడు ఒకరు కాదని చెప్పగలగాలి. ఆ ఒక్కరి మాటను మిగిలినవారు ఓపికగా వినాలి.

ఈ ఓపిక పెద్దయ్యాక ఒక్కనాటితో అలవడదు. అందుకే కర్ణాటకలో పిల్లల కోసం ‘మక్కళ గ్రామసభ’ ఏర్పాటు ఉంది. బడిలో మరుగుదొడ్డి లేదనో, దారిలో దీపం లేదనో పిల్లలే అక్కడ పంచాయతీవారికి చెప్పవచ్చు. తెలుగులో ఆలోచించి, కన్నడంలో అడగగలిగిన పిల్లవాడు రెండు వాడల మధ్య వంతెన అవుతాడు. ఎదుటివారి మాట వినడం, తన మాట చెప్పడం, చెప్పిన దానికి కట్టుబడడం నేర్చిన పిల్లలే రేపు గ్రామసభను నిలబెట్టే పౌరులు.