అడవికి దగ్గు అంటించింది ఎవరు?

మొన్న దసరాకి మందమర్రి వెళ్ళినప్పుడు ఒక మిత్రుడితో గొడవయ్యింది. కవ్వాల్ వైపు పులి తిరుగుతోందని మాటొచ్చింది. "పులులు, దుప్పులు, కొండగొర్రెలు, అన్నీ రోగాలేరా. మన పశువులకు టీబీ, గీబీ అంటిస్తయ్" అన్నాడు. నాకు వెంటనే జవాబు తట్టలేదు. బస్సెక్కాక తట్టింది (ఎప్పుడూ అంతే!), అందుకే ఈ టపా.

అయ్యా, మీరు కథను తిరగేసి చెప్తున్నారు. దక్షిణ భారతంలో క్షయతో చనిపోయిన అడవి ఏనుగుల గురించి 2017లో శాస్త్రవేత్తలు రాశారు. వాటిలో దొరికింది మనుషులకొచ్చే టీబీ క్రిమే. ఏనుగు మన ఊరొచ్చి దగ్గిందా, మనం దాని అడవికెళ్ళి దగ్గామా? 2021లో హైదరాబాద్ జూలో 8 సింహాలకు కోవిడ్ వచ్చింది. అవి పెళ్ళిళ్ళకు, మాల్స్‌కు తిరగలేదు కదా.

పశువుల లెక్క ఇంకా ఘోరం. పాత సర్వేలన్నీ కలిపి చూసిన 2018 నాటి ఒక అధ్యయనం, మన దేశంలో సుమారు 2 కోట్ల 18 లక్షల పశువులకు టీబీ ఉండొచ్చని అంచనా వేసింది. బయటి దేశాల్లో పరీక్ష చేసి, రోగమున్న పశువును చంపేస్తారు. మన దగ్గర అది కుదరదు, సరే. కానీ పరీక్ష కూడా కుదరదా? 2019లో కేంద్రం పెద్ద పశురోగ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది, గాలికుంటుకీ బ్రూసెల్లోసిస్‌కీ. టీబీ ఊసే లేదు.

ఎండాకాలం మందలు అడవిలోకి పోతాయి. దుప్పి, పశువు ఒకే కుంటలో నీళ్ళు తాగుతాయి. మనం పాలు కాచుకుని తాగుతాం కాబట్టి చాలావరకు బతికిపోతున్నాం, దుప్పికి పొయ్యి లేదు. దక్షిణాఫ్రికా క్రూగర్ పార్కులో సరిగ్గా ఇదే జరిగింది. పశువుల టీబీ అడవి దున్నలకు అంటిందని 1990లో బయటపడింది, తర్వాత వాటిని తిన్న సింహాలకూ పాకింది. కవ్వాల్‌లో అలా జరిగిందని నేననడం లేదు. జరిగితే మనకు తెలిసే దారి ఏదని అడుగుతున్నా.

మా తాత బాయి పని చేసి దగ్గుతో మంచం పడితే చుట్టాలు ఆయన పళ్ళెం వేరు పెట్టారు. అంటించినోడిని వదిలేసి, అంటుకున్నోడిని వెలేయడం మనకు కొత్త కాదు లెండి.

నిన్న మళ్ళీ ఆ మిత్రుడికి ఫోన్ చేశా. ఇంట్లో రెండు బర్రెలున్నాయి కదా, ఎప్పుడన్నా టీబీ పరీక్ష చేయించావా అనడిగా.

"బర్రెలకు గూడ టీబీ అస్తదా?" అన్నాడు.