పావు వాట్ అంటే ఎక్కడ పావు వాట్?

మాది నెమలి. తిరువూరు వైపు వాళ్ళకి మా ఊరు వేణుగోపాలస్వామి గుడితో తెలుసు. మే నెలలో వస్తే ఎండతో కూడా గుర్తుండిపోతుంది.

పోయిన వేసవిలో మా బాబాయి మోటారు షెడ్డులో నేను చేసిన చిన్న అలారం పెట్టె బిగించాను. 12 వోల్టుల బ్యాటరీ, దానికి అడ్డంగా 820 ఓమ్‌ల పావు వాట్ రెసిస్టర్. వోల్టేజీ వర్గాన్ని ఓమ్‌లతో భాగిస్తే 0.18 వాట్. పావు కంటే తక్కువే కదా! ల్యాబ్‌లో వారం రోజులు చక్కగా నడిచింది.

షెడ్డులో పదో రోజే బాబాయి ఫోను: "ఏరా, నీ పెట్టె కాలిన వాసనొస్తోంది. పక్కనే వరిగడ్డి ఉంది, చూసుకో." వెళ్ళి విప్పితే బోర్డు గోధుమరంగుకి తిరిగింది, రెసిస్టర్ మీది రంగు గీతలు మాసిపోయాయి. గడ్డి అంటుకోలేదు, అది నా తెలివి కాదు, అదృష్టం.

తప్పు ఎక్కడ? మొదటిది, ఛార్జింగ్ అవుతుంటే బ్యాటరీ 14.4 వోల్టులకు వెళ్తుంది. వోల్టేజీ 20 శాతం పెరిగితే పవర్ 44 శాతం పెరుగుతుంది, అంటే 0.25 వాట్. రెండోది అసలైనది. రెసిస్టర్ ఎంత పవర్ తట్టుకుంటుందన్నది ఓమ్‌లు చెప్పవు. పుట్టిన వేడి ఎంత త్వరగా బయటికి పోతుందన్నదే చెబుతుంది. ఒంటి సైజు, కాళ్ళ గుండా బోర్డుకి పోయే వేడి, చుట్టూ ఉన్న గాలి, ఇవన్నీ కలిస్తేనే ఆ పావు వాట్. మామూలు ఫిల్మ్ రెసిస్టర్లకి ఆ మాట సాధారణంగా 70 డిగ్రీల వరకే. ఆపైన తగ్గుతూ 155 దగ్గర సున్నా అవుతుంది. రేకు పెట్టె, ఎండ, పక్కనే వేడెక్కే రెగ్యులేటర్. లోపల 100 డిగ్రీలనుకుంటే మిగిలేది 0.16 వాటే.

"అర వాట్‌ది వేస్తే పోయేది కదా" అన్నాడో ఫ్రెండ్. రెట్టింపు వేయడం మంచి అలవాటే. కానీ పుట్టే వేడి అంతే, కాస్త ఎక్కువ ఒంటి మీద పరుచుకుంటుందంతే. గాలి ఆడని పెట్టెలో అది ఎక్కడికి పోతుంది? పెట్టెకి చిల్లులు పెట్టాలి, రెసిస్టర్‌ని బోర్డు నుంచి కాస్త ఎత్తి బిగించాలి, నీడలో పెట్టాలి.

నేను అడిగేది ఒక్కటే. మన ల్యాబ్ రికార్డులో వోల్టేజీ, కరెంటు పక్కన ఇంకో గడి గీద్దాం: చుట్టూ వేడి ఎంత? మనం చేసినవి ఏసీ ల్యాబ్‌లో ఉండిపోవు, ఎవరో ఒకరి గడ్డివాము పక్కకే వెళ్తాయి.

బాబాయి ఆ పెట్టెని ఇంకా పారేయలేదు. "బాగుచేసి తే, పెట్టుకుంటా" అన్నాడు. ఈసారి థర్మామీటర్ కూడా తీసుకెళ్తున్నా.